గంట దొంగ వెనకాల పరుగెత్తిన సంఘం

అందరికీ వందనాలు.

విశాఖపట్నం నుంచి ప్యాసింజర్‌లో నిలబడి వచ్చినవాళ్లున్నారు. స్టేషన్‌లో మొహాలైనా కడుక్కోకుండా నేరుగా ఈ మైదానానికే వచ్చారు. గని డ్యూటీ దిగి, హెల్మెట్ చేత్తో పట్టుకునే వచ్చినవాళ్లున్నారు. మీ బూట్ల ఎర్రదుమ్ము తివాచీ మీద పడిందని మొహమాటపడకండి. మా మామ్మకు ఆ దుమ్ము కొత్త కాదు. కొండ మీది పైపారా గూడెం నుంచి వచ్చినవాళ్లున్నారు. మీరు మాత్రం దయచేసి అక్కడ చెప్పుల పక్కన కూర్చోకండి. ముందు వరసలో ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. లచ్చు చిన్నాన్నా, నువ్వు మీవాళ్లందర్నీ తీసుకుని ఇటు వచ్చి కూర్చుంటే తప్ప నేను మొదలుపెట్టను.

మంచిది. ఇప్పుడు మా మామ్మకు నచ్చినట్టుంది సభ.

నేను యేసుపాదం కూతుర్ని. పోలమ్మ మనవరాలిని. శనివారం మనందరం కలిసి ఆమెను మట్టి చేశాం. ముంగపాల్ రైల్వే కాలనీలో పుట్టిన పిల్లలందరికీ ఆమె మామ్మే. మందిరం ఊడ్చింది, గంట కొట్టింది. ఇంతకుమించి ఆమె ఏ పదవీ చెయ్యలేదు. అయినా చూడండి, ఎంతమంది వచ్చారో. కలెక్టరు వచ్చిన రోజున కూడా ఈ మైదానం ఇంతగా నిండలేదు.

పొద్దుట్నుంచీ నన్ను చాలామంది అడిగారు, "హిడ్మే రాలేదేం?" అని. మామ్మకు ప్రాణస్నేహితురాలు కదా, పైపారా అంతా దిగివచ్చింది, లచ్చు చిన్నాన్న వచ్చాడు, ఆయన్ని కన్న హిడ్మే మామ్మ ఎందుకు రాలేదని. ఆవిడకు కోపం వచ్చిందని ఒకరు, కాళ్లు నడవడం లేదని ఒకరు. రెండూ కాదు. ఆవిడ ఎక్కడుందో నాకు తెలుసు. చివర్న చెబుతాను.

పెద్దలారా, దాచుకోవడం నాకు చేతకాదు గనక ముందే చెప్పేస్తాను. నేను ఇవాళ మామ్మను పొగడ్డానికి మాత్రమే రాలేదు. ఒకటి అడగడానికి వచ్చాను. రేపు పొద్దున్న సంఘం జీపు పైపారాకు వెళుతుంది. అక్కడ మద్దిచెట్టుకు వేలాడుతున్న మన గంటను దింపి తెస్తారు. మన వెనక లేస్తున్న ఈ కొత్త మందిరం గేటుకు దాన్ని కట్టి, కింద నల్లరాయి పలక మీద మామ్మ పేరు బంగారు రంగులో చెక్కించి పెడతారు. పలక వచ్చేసింది కూడా. వరండాలో దుప్పటి కప్పి ఉంది. నేను దుప్పటి ఎత్తి చూశాను. చాలా బాగుంది. ప్రేమతో చేశారని తెలుసు. అందుకే అడగడం ఇంత కష్టంగా ఉంది.

ఆ గంటను దింపకండి.

ఎందుకో చెప్పాలంటే ఆ ఆదివారం సంగతి చెప్పాలి. ఇక్కడున్న సగంమందికి అది తెలిసిన కథ. మిగతా సగం కొత్తగా బదిలీల మీద వచ్చినవాళ్లు, ఆ తర్వాత పుట్టినవాళ్లు. నేనూ ఆ తర్వాత పుట్టినదాన్నే. కానీ ఆ కథ నేను మామ్మ దగ్గర విన్నాను, హిడ్మే మామ్మ దగ్గర విన్నాను, ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న మన ఏలియా తాతగారి దగ్గరా విన్నాను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ముగ్గురి కథలోనూ నీళ్ల రంగు ఒకటే. ఎరుపు.

గనులు కొత్తగా తెరిచిన రోజులవి. ఈ రైలు లైను వేసి ఎక్కువ కాలం కాలేదు. శ్రీకాకుళం వైపు నుంచి, విజయనగరం వైపు నుంచి వచ్చిన గ్యాంగ్ పనివాళ్లు, వాళ్ల పెళ్లాం పిల్లలు, వాగు పక్కన చదునుగా ఉన్న నేల చూసుకుని రేకుల మందిరం కట్టుకున్నారు. గంట కొనే స్తోమత ఎక్కడిది? పని చోట మిగిలిన రైలు పట్టా ముక్క, మూరెడు పొడవుది, అడిగి తెచ్చుకున్నారు. పట్టాల కింద వేసే స్లీపర్ చెక్కలు రెండు నిలబెట్టి, పైన ఒకటి అడ్డం పెట్టి, ఇనప తీగతో వేలాడదీశారు. కొట్టడానికి ఒక పెద్ద బోల్టు. అదే మన గంట.

రైల్వేవాళ్లకు గంటంటే ఏమిటో నేను చెప్పాలా? గంట మోగితే కదలాలి. ఎందుకు మోగిందని అడగకూడదు. మొదటి గంటకు స్నానం, రెండో గంటకు ఇల్లు కదలడం, మూడో గంటకు మందిరంలో ఉండడం. వానైనా ఎండైనా అంతే. ఆ అలవాటే మనల్ని ఒక సంఘం చేసింది. ఆ అలవాటే మనల్ని ముంచబోయింది.

వాన మొదలై రోజులు గడిచాయి. ఆగలేదు. గట్ల మీద మట్టి జారుతోందని మగవాళ్లు చాలామంది, మా నాన్నతో సహా, ఆదివారమైనా లైను కాయడానికి వెళ్లారు. వాగు గట్టు దాకా ఎక్కింది. ఆ పొద్దున్న మామ్మ మొదటి గంట కొట్టింది. గోనెసంచులు నెత్తిన కప్పుకుని ఒక్కొక్కరే కిందికి దిగుతున్నారు. నీళ్లు మందిరం మెట్టు దగ్గరికి వచ్చాయి. ఆ రోజుల్లో మనకు అయ్యగారు లేరు. గ్యాంగ్ మేస్త్రీ ఏలియాగారే సంఘ పెద్ద. ఆయన అన్నారు, "వాగు తగ్గాలని ప్రార్థన పెడదాం. పోలీ, రెండో గంట గట్టిగా కొట్టు. ఈ వానకి ఇళ్లల్లోకి ఇనపడదు." మామ్మ గట్టిగా కొట్టింది. జనం ఇంకా వచ్చారు. వాగు తగ్గాలని, వాగు పక్కన మోకాళ్లూనారు.

వాగు తగ్గింది.

నిజంగా తగ్గింది. మోకాళ్ల మీద ఉండగానే తగ్గింది. ఏలియా తాతగారు చెబుతారు, ఆ హోరు ఎవరో చేత్తో మూసినట్టు ఆగిపోయిందని. బయటికి వచ్చి చూస్తే అడుగున ఇసుక కనిపిస్తోంది. గుంటల్లో చేపలు ఎగురుతున్నాయి. ఆడవాళ్లు ఏడుస్తూ నవ్వారు. నవ్వరా? అడిగారు, ఇచ్చాడు. మా తాత దేవరాజు డోలక్ అందుకుని స్తోత్రగీతం ఎత్తుకున్నాడు. కళ్లు మూసుకుని పాడేవాడట. పాట మొదలైతే ఇక భూమి మీద ఉండేవాడు కాదట.

అమ్మలారా, అయ్యలారా, వాళ్లను చూసి నేను నవ్వలేను. కాలేజీలో భూగోళం చదివాను. కొండచరియ విరిగి వాగుకు అడ్డం పడితే కింద నీళ్లు తగ్గుతాయని పుస్తకం చూసి చెప్పగలను. కానీ ఆ క్షణాన ఆ మెట్టు మీద నేనున్నా స్తోత్రమనే అందును. అడిగిన దానికి జవాబు కళ్ల ముందు కనిపిస్తుంటే, అది జవాబు కాదని ఎవరు అనుకుంటారు?

మామ్మ కూడా అనుకోలేదు. మూడో గంట కొట్టడానికి బోల్టు తీసుకుని స్లీపర్ల దగ్గరికి వెళ్లింది. వెనక్కి తిరిగితే హిడ్మే.

హిడ్మే పైపారా పెద్ద ఇర్మా కోడలు. తెలుగు సరిహద్దున కిష్టారం వైపు పిల్ల, అందుకే తెలుగు వచ్చు. సంతలో చింతపండు అమ్మేది. మామ్మ బేరమాడేది. అంతవరకే పరిచయం. ఆవిడ ఒంటినిండా బురదతో ఆ వాలంతా జారుకుంటూ వచ్చి, ఎగపోస్తూ అంది, "ఏందక్కా, నీళ్లు పోయినయని పాటలు పాడుతున్నరా? వాగు యాడికి పోలే. పైన కొండ ఇరిగి అడ్డం పడ్డది. ఆడ చెరువైంది. అది ఆగదు. పిల్లల్ని తీస్కొని పైకి రాండ్రి."

ఇక్కడ ఆగి ఆలోచించండి. మందిరం ఊడ్చే ఆడది లోపలికి వెళ్లి, స్తోత్రగీతం మధ్యలో, దేవుడిచ్చిన జవాబు జవాబు కాదని చెబితే వింటారా? చెప్పిందెవరంటే సంతలో చింతపండు అమ్మే మనిషి అంటే వింటారా? మామ్మ వెళ్లింది. గుమ్మంలో నిలబడి చెప్పింది. ఏలియాగారు చెయ్యెత్తి, "నోర్ముయ్యి, పాట అవనీ" అన్నారు. అవును కదూ తాతగారూ? తల ఊపుతున్నారు. ఈయన ఎన్నడూ కాదనలేదు. అందుకే ఈయనంటే నాకు గౌరవం.

మామ్మ మళ్లీ స్లీపర్ల దగ్గరికి వచ్చింది. బోల్టు చేతిలో ఉంది. కొడితే ఇంటి దగ్గర ఆగినవాళ్లు కూడా కిందికి వస్తారు. కొట్టకపోతే లోపలున్నవాళ్లు లోపలే ఉంటారు. "ఏం చేశావు మామ్మా?" అని చిన్నప్పుడు అడిగితే, ఏదో చట్నీ సంగతి చెప్పినట్టు చెప్పేది. "ఏటి సేత్తాను? మనోళ్లు మనిసి పిలిత్తే రారు, గంట పిలిత్తే వొత్తారు. గంటట్టుకుపోయాను."

గంట పట్టుకుపోయింది! ఇనప తీగ విప్పింది. మందిరం కంచెలోంచి వెదురు ఒకటి పీకి, పట్టా ముక్కను దానికి కట్టి, ముందు కొస హిడ్మే భుజాన, వెనక కొస తన భుజాన వేసుకుని కొండెక్కడం మొదలుపెట్టింది. నడుస్తూ వెనకనుంచి బోల్టుతో కొడుతూనే ఉంది. ఇళ్లల్లో ఉన్నవాళ్లు చెబుతారు, జన్మలో అలాంటి శబ్దం వినలేదని. గంట నడుస్తోంది. ఉన్నచోట ఉండకుండా ఒక్కో ఇంటినీ దాటుకుంటూ పైకి పోతోంది. గంట వెళ్లిన వైపు వాళ్ల కాళ్లు వెళ్లాయి. ఎందుకని అడగలేదు. అలవాటు.

మందిరంలో ఏమైంది? మూడో గంట తప్పుడు దిక్కు నుంచి వినిపించింది. ఏలియాగారు బయటికి వచ్చి చూశారు. ఖాళీ స్లీపర్లు. తల ఎత్తితే వాలు మీద ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో ఊగుతూ సంఘం సొత్తు. ఆయన చెప్పులు వదిలేసి పంచె ఎగ్గట్టారు. "ఒలే పోలీ, ఆగవే! దేవుడి సొమ్మే అది! నీ మొగుడి ఉజ్జోగం ఊడగొట్టించేత్తాను!" అని అరుస్తూ వెంటపడ్డారు. ఆయన వెంట సంఘ పెద్దలు. వాళ్ల వెంట వాళ్ల భార్యలు. ఏం జరుగుతోందో చూడ్డానికి పిల్లలు. దొంగను పట్టుకోవాలని సగం మందిరం ఖాళీ అయింది.

ఆ మాట వట్టి బెదిరింపని ఇప్పుడు నవ్వుతున్నారు. ఆ రోజు అది వట్టి బెదిరింపు కాదు. మా తాత ఆయన కింద గ్యాంగ్‌మన్. ఆ ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, తిండి పోతుంది. మామ్మ విన్నది. నడక ఆపలేదు.

సగం కొండ ఎక్కేసరికి కింద ఆ శబ్దం వచ్చింది. దాని గురించి నేను మాట్లాడను. విన్నవాళ్లు ఇక్కడున్నారు, వాళ్ల మొహాలు నాకు కనిపిస్తున్నాయి. ఏలియా తాతగారు అప్పటికి మామ్మ జడ అందుకోబోతున్నారు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయిందట. వెనక్కి తిరిగి చూస్తే మందిరం లేదు. చదునైన నేల లేదు. చెట్లతో, బండలతో, ఎర్రటి నీళ్లు.

పాట ఆపనివాళ్లు లోపలే ఉండిపోయారు. ముసలివాళ్లు, బాలింతలు, కళ్లు మూసుకుని పాడేవాళ్లు. మా తాత.

ఆమె ఒక్కసారే ఈ మాట చెప్పింది నాకు. రెండోసారి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. "గుడిలోకెల్లి ఆయన సెయ్యట్టుకు లాగితే ఆయనొక్కడే వొచ్చీవోడు. గంటెత్తుకుపోతే అందరూ వొత్తారనుకున్నాను. అందర్లో ఆయనుంటాడనుకున్నాను."

ఆమె గంటెత్తుకుపోయినందుకు మన సంఘం బతికింది, ఆయన్ని పోగొట్టుకుని ఆమె బతికింది. ఇంతకంటే నేను చెప్పలేను.

సరే. కొండ మీద ఏమైందో చెబుతాను. మామ్మకు ఏడుపు సభలంటే గిట్టదు.

పైపారాలో మనవాళ్లందర్నీ ఇళ్లల్లోకి పంచుకున్నారు. వానాకాలం చివర, వాళ్లకే గింజలు అడుగంటే కాలం. ఉన్న పాత గింజలు జావ కాచి దొన్నెల్లో పోశారు. అవీ అయిపోయాయి. చుట్టూ కొత్త కంకులు కోతకొచ్చి ఉన్నాయి. కానీ కొత్త పంట పండుగ చేసి తమ దేవుళ్లకు చూపించకుండా వాళ్లు ఆ గింజ ముట్టుకోరు. పండుం అంటారు. దానికింకా రోజులుంది. ఇర్మా తాత ఊరివాళ్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆ ఏడు మన కోసం పండుం ముందుకు జరిపారు. కాలనీ వాళ్ల ఆకలి చూసి ఒక ఊరు తన దేవుళ్ల పండుగ తేదీ మార్చుకుంది. లచ్చు చిన్నాన్నా, మీవాళ్లు ఈ సంగతి ఎప్పుడూ చెప్పుకోరు. మేం చెప్పుకోవాలి, మేమూ చెప్పుకోలేదు.

కొత్త గింజల అన్నం ఆకుల్లో వచ్చింది. పిల్లలు చెయ్యి పెట్టబోయారు. ఏలియాగారు ఆపారు. "అది ఇగ్రహాలకి పెట్టింది. మనం ముట్టకూడదు." ఆయన కపటంతో అన్నది కాదు. ఆయనకు ఆకలి లేకా కాదు, ఆయన డొక్కలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. నమ్మినదాన్ని ఆకలి పూటా వదలకూడదనుకున్నారు. ఎవరూ ముట్టలేదు. వడ్డించిన హిడ్మే చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది. అప్పుడు మామ్మ, మొగుడు పోయి వారం కూడా కాని మనిషి, ఆకు ముందుకు లాక్కుని కలుపుకుంటూ అంది, "ఏలియా బాబూ, మీరు ఏ బక్తుడి పేరెట్టుకున్నారో ఆయనకి కరువులో కాకులు కదా తిండి తెచ్చినాయి. ఆ కాకి ఏ దేవుడికి మొక్కి తెచ్చిందని అడిగినాడేటి ఆయన?"

 ఏలియాగారు నవ్వారట. వరద తర్వాత మన సంఘంలో వినిపించిన మొదటి నవ్వు అది. నవ్వి, కళ్లు తుడుచుకుని, ఆకు ముందు కూర్చున్నారట. హిడ్మే మాత్రం చాలా ఏళ్లు మామ్మను సాధించింది. "ఏందక్కా, నన్ను కాకిని చేసినవ్ గదా!" అని.

నీళ్లు తీశాక మనవాళ్లు కిందికి దిగారు. రైల్వే చూపించిన స్థలం అదే గనక మళ్లీ అదే వాగు పక్కన, కొంచెం ఎత్తున షెడ్డు వేసుకున్నారు. గంట తెమ్మన్నారు. మామ్మ తేనంది. సంఘ పెద్దలు కూర్చుని ఆమెను నిలబెట్టారు. బతికినవాళ్లే! ఆమె వెంట పరుగెత్తి బతికినవాళ్లే, సంఘం సొత్తు అనుమతి లేకుండా తీసుకువెళ్లావా లేదా అని అడిగారు. తీసుకువెళ్లానంది. తెస్తావా అంటే, "గుడి వాగు కాడున్నన్నాళ్లు గంట కొండ మీదుంటాది. అక్కడినించే మూడు గంటలు కొడతాను. మూడు కొడితే గుడికి రండి. ఆపకుండా కొడితే నా కాడికి రండి" అంది. ఆర్నెల్లు ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె తీసుకోవడానికి, ఆమెను రానివ్వలేదు. ఆమె ఆ ఆర్నెల్లూ ప్రతి ఆదివారం కొండెక్కి గంట కొట్టి, దిగి వచ్చి, చివరి వరసలో కూర్చుని, రొట్టె తనను దాటి వెళుతుంటే పక్కవాళ్లకు అందించింది. గంట దొంగ అన్న పేరు అప్పుడే వచ్చింది. ఆమె ఆ పేరుతో పిలిస్తే పలికేది కూడా. అరకు నుంచి వచ్చే గార్డుబాబు ఒకాయన రైలు ఆగగానే "ఏమమ్మా గంట దొంగా!" అనేవాడు. "నీ రైలుక్కూడా ఉంది కదా బాబూ గంట, జాగర్త!" అనేది.

ఒక ఏడాది, నాకు ఊహ తెలిశాక, జోరువానలో ఆపకుండా గంట మోగింది. కాలనీ మొత్తం పిల్లల్ని చంకనేసుకుని కొండెక్కింది. నేనూ ఎక్కాను, మా అమ్మ చెయ్యి పట్టుకుని. తడిసి ముద్దయ్యాం. సాయంత్రం దాకా కూర్చున్నాం. వాగు రాలేదు. ఒక్క అంగుళం కూడా పెరగలేదు. పొయ్యి మీద కూర మాడిపోయిందని ఒకరు, రేడియో తడిసిందని ఒకరు, ముసలిదానికి మతి పోయిందని ఒకరు. ఎన్ని తిట్లు! మామ్మ అందరికీ బెల్లం టీ పోస్తూ అంది, "వాగు రాలేదని ఏడుత్తున్నారేటి మీరు?"

ఆ రోజు నాకూ కోపం వచ్చింది. సిగ్గేసింది, అందరూ మా మామ్మను అంటుంటే. ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు కొండెక్కిన పిల్లలకే ఇవాళ ఆ దారి తెలుసు. చింతచెట్టు దగ్గర ఎడమకు తిరగాలని, రాతి పలక మీద జారుతుందని, పైన ఎవరి గడపలో పడితే ఎవరు గిన్నె పెడతారో మాకు తెలుసు. మా తర్వాత పుట్టినవాళ్లకు తెలియదు. ఈ మైదానంలో ఆడుకునే పిల్లల్ని నిన్న అడిగాను, పైపారాకు ఎటు వెళ్లాలని. ఒకడు బస్టాండు వైపు చూపించాడు.

ఏలియా తాతగారూ, ఈ పలక చెక్కించింది మీరు. మీ పింఛనులోంచి. ఆమెను పట్టుకోబోయిన చేత్తోనే ఆమె పేరుకు కొలత ఇచ్చి వచ్చారు. మీకు దండం పెడతాను. పలక ఉంచండి. ఈ గేటు దగ్గరే ఉంచండి. కానీ ఈ కొత్త మందిరమూ వాగు పక్కనే లేస్తోంది, గంటను పైనే ఉండనివ్వండి. చివరి రోజుల్లో ఆమె నా చెయ్యి పట్టుకుని అడిగింది ఒకటే. "గంట దింపనీకే." నేను సరే అన్నాను. ఈ ఊరు వదిలి వెళ్లిపోవాలని ఎప్పుడూ గొడవ చేసే నేను, ఏ మాట మీదా నిలబడని నేను, ఆ ఒక్కదానికి సరే అన్నాను.

మీ అభ్యంతరం నాకు తెలుసు. సంఘం కూర్చున్నప్పుడు కిటికీ బయట నిలబడి విన్నాను, క్షమించండి. మీరన్నది ఇది. మామ్మ మంచాన పడ్డప్పట్నుంచి హిడ్మే కొడుతోంది, అయినా ఎవరికీ వినిపించడం లేదు. గనిలో రాళ్లు పిండిచేసే క్రషర్ చప్పుడు, లారీలు, ఇంటింటా టీవీ. వినిపించని గంట కొండ మీద ఉండి ఏం లాభం? మంచి ప్రశ్న. నేను కూడా రాత్రంతా దానికి జవాబు వెతికాను. దొరకలేదు. ఎందుకంటే నాకూ ఈ మధ్య వినిపించలేదు. వినిపించలేదో, నేను వినలేదో, అది కూడా నాకు తెలియదు.

అందుకే హిడ్మే మామ్మ ఇక్కడ లేదు. ఆవిడ పైన ఉంది. మద్దిచెట్టు కింద. పొద్దున్నే ఎక్కివెళ్లి చెప్పి వచ్చాను. అక్కడి నుంచి ఈ మైదానం బాగా కనిపిస్తుంది. మనం కూర్చుని ఉంటే రంగురంగుల తివాచీలా కనిపిస్తామట. మనం లేచి నిలబడితే ఆవిడకు తెలుస్తుంది. తెలిసిన వెంటనే కొడుతుంది. మూడే కొడుతుంది.

క్రషర్ ఆగదు. నాకు తెలుసు. అది మన మాట వినదు. లారీలూ ఆగవు. మనమైనా ఆగుదాం. మైకు తీసేస్తాను. పిల్లల్ని దగ్గరికి తీసుకోండి. ఇవాళ మౌనం పాటించడానికి గడియారం చూసేవాళ్లెవరూ లేరు. మూడో గంట వినిపించేదాకా నిలబడదాం. వినిపిస్తే, రేపు జీపు కొండెక్కదు. వినిపించకపోతే నేనే ముందు కూర్చుని దారి చూపిస్తాను, మాట తప్పినదాన్నవుతాను, మీరు దింపుకురండి.

పోలమ్మ కోసం, దేవరాజు కోసం, ఆ రోజు పాట ఆపని అందరి కోసం, తన ఊరి కొత్త గింజల్లో మనకు ముద్ద పెట్టిన ఇర్మా కోసం.

ఏలియా తాతగారూ, నా చెయ్యి పట్టుకోండి, లేవండి.

అందరూ లేచి నిలబడండి.

వినండి.